ఇరవై తొమ్మిదో తారీకున ఆగిన మైకు

పటమట, విజయవాడ
3 ఫిబ్రవరి 2024

మావయ్యకి భాను నమస్కారాలు.

నీ చెవులు ఫోనుకి లొంగవు కాబట్టి ఈ ఉత్తరం. అత్తయ్యకి ఫోను చేసి చెబుదామంటే ఆవిడ సగం విని, మిగతా సగం తనే కల్పించి నీ చెవిలో అరుస్తుంది. నాకు ఎఫ్ఎంలో ఉద్యోగం వచ్చిందని డిసెంబరులో చెబితే, "ఏటీఎంలో మనిషి ఎక్కడ కూర్చుంటుందే" అని నువ్వు మూడు రోజులు బెంగపెట్టుకున్నావట. ఏటీఎం కాదు మావయ్యా, ఎఫ్ఎం రేడియో. గవర్నర్‌పేటలో చెప్పుల హోల్‌సేల్ షాపు పైన మూడో అంతస్తు. మెట్లెక్కుతుంటే తోలు వాసన, తలుపు తీస్తే పాట. నాకు రెండూ నచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి మా దాంట్లో "పాటల పంచాంగం" అని ఐదు నిమిషాల కార్యక్రమం వస్తుంది. ఇదే తారీకున, ఏ సంవత్సరంలో, పాటల లోకంలో ఏం జరిగిందీ అని. ఎవరు పుట్టారు, ఏ రికార్డు విడుదలైంది, ఏ బృందం కొట్టుకుని విడిపోయింది, ఇలాంటివి. ఇన్నాళ్లూ నేను రాస్తే వేరేవాళ్లు చదివారు. మా ప్రోగ్రాం హెడ్ నసీమా మేడం ఈ నెల తారీకులు చీటీల మీద రాసి డబ్బాలో వేసి, కొత్తవాళ్లం తలా ఒకటి తీసి, ఆ రోజుది మేమే రాసి మేమే చదవాలన్నారు. నాకు ఇరవై తొమ్మిది వచ్చింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నా మీద ప్రేమతో కాదు, వాళ్లకి గండం గడిచిందని. నాలుగేళ్లకోసారి వచ్చే రోజు కదా, మిగతా రోజుల్లో జరిగినదాంట్లో పావు వంతే జరిగి ఉంటుంది. నెట్‌లో వెతికితే దొరికినవన్నీ దూరదేశాల సంగతులు. ఆ పేర్లు పలకడానికే ఐదు నిమిషాలూ సరిపోతాయి. మేడం చూసి, "మనవాళ్లకి మనది చెప్పమ్మా" అన్నారు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పామర్రు సెంటర్లో నలభై ఏళ్లు మైక్ సెట్ నడిపినవాడివి. ఏ రోజు ఏ ఊళ్లో మైకు పెట్టావో, ఏ పాట అడిగారో, ఏది కాలిపోయిందో అన్నీ డైరీల్లో రాసేవాడివని అమ్మ చెబుతుంది. వాటిల్లో ఫిబ్రవరి ఇరవై తొమ్మిదులన్నీ ఏరి పంపవా. మార్చి నెలాఖరుకి నా ప్రొబేషన్ అయిపోతుంది. ఇది బాగా వస్తే మైకు ముందు కూర్చుంటాను. లేకపోతే సోఫాల షోరూము ప్రకటనలు టైపు చేసుకుంటూ ఉండిపోతాను.

నీ మేనకోడలు,
భానుశ్రీ

తా.క. అక్షరాలు కావాలనే పెద్దగా రాశాను. కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు.


పామర్రు
8-2-2024

చిరంజీవి భానుకి వెంకటప్పయ్య మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. చేత్తో రాసిన ఉత్తరం చూసి చాన్నాళ్లయిందని పోస్టుమాన్ ఇచ్చేసి పోకుండా నిలబడ్డాడు. అతనికీ ఒకసారి చదివి వినిపించాను. సోఫాల దగ్గర అతనూ బాధపడ్డాడు.

రేడియో అని ఇప్పటికి అర్థమైంది. మైకు హారన్ల పక్కన నలభై ఏళ్లు కూర్చుంటే చెవులు ఇలాగే అవుతాయి. మనిషి ఎదురుగా నిలబడి అరిస్తే వినపడుతుంది. ఫోనులో మాత్రం చీమ నడిచినట్టుంటుంది.

డైరీలు అటక మీద లేవు. మీ అత్తయ్య వాటిని ఊరగాయ జాడీల కింద ఎత్తు పెట్టింది. డెబ్భై ఆరో సంవత్సరం మీద నూనె గుండ్రంగా అచ్చుపడింది. అయినా అక్షరం చెడలేదు.

29-2-76, ఆదివారం. నాకు పద్దెనిమిదేళ్లు. మా గురువు బడే మియా గారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆయన మద్రాసు నుంచి రెండు పెట్టెల స్టీరియో రికార్డు ప్లేయరు తెచ్చి, పామర్రు సెంటర్లో రోడ్డుకి అటొక పెట్టె, ఇటొక పెట్టె పెట్టించారు. పాట వేశాం. తూర్పు వైపు వాళ్లకి తబలా, వయొలిన్లు తప్ప ఇంకేమీ లేదు. పడమటి వైపు వాళ్లకి గొంతు ఒక్కటే. పాడే మనిషి ఏదని తూర్పు వాళ్లు గొడవ. పాపం ఒక్కతే పాడుతోందని పడమటి వాళ్లు జాలి. "మధ్యలో నిలబడండయ్యా, రెండూ వినపడతాయి" అని బడే మియా గారు మైకులో చెప్పారు. ఊరంతా వచ్చి నడిరోడ్డు మీద నిలబడింది. బందరు బస్సు ఆగింది. కండక్టరు తిట్టడానికి దిగి, ఆయనా మధ్యలోకొచ్చి నిలబడ్డాడు. పాట అయ్యేదాకా బస్సు కదల్లేదు.

29-2-80, శుక్రవారం. పక్క ఊళ్లో పెళ్లి. నేను సొంత సెట్ పెట్టిన కొత్త. ఆ ప్రాంతంలో పెళ్లికి క్యాసెట్ ప్లేయరు తెచ్చింది నేనే మొదట. ముహూర్తానికి గంట ముందు టేపు సేమ్యాలాగా బయటికొచ్చేసింది. పందిరి గుంజల చుట్టూ పరిచి, పెళ్లికూతురి తండ్రి ఒక కొస పట్టుకుంటే, నేను పెన్సిలుతో చుట్టాను. కంగారులో ఒక చోట మెలిక పడింది. దాంతో తలంబ్రాలప్పుడు పాట వెనక నుంచి ముందుకి పాడింది. ఒక్క అక్షరం అర్థం కాలేదు. అందరూ కొత్త హిందీ పాట అనుకున్నారు. మర్నాడు ఇద్దరు వచ్చి ఆ పాట తమకీ కావాలని అడిగారు.

29-2-96, గురువారం. మొదటి సీడీ. మాతో డ్రమ్ములు వాయించే ఆమోసు ఆ బిళ్లలో మొహం చూసుకుని క్రాఫు దువ్వుకున్నాడు. వాడి తల నూనె దానికంటి, పాట ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయింది. "నీ నీ నీ నీ" అంటూ అదే. నేను ఆపబోతే కుర్రాళ్లు ఆపనివ్వలేదు. పావుగంట ఆ "నీ" మీదే డాన్సు చేశారు. పాటకి అన్ని మాటలు అక్కర్లేదని నాకు ఆ రోజే తెలిసింది.

మిగతా ఇరవై తొమ్మిదుల్లో ఉత్త అద్దె లెక్కలే. మధ్యలో ఒకటి మాత్రం ఉంది. 29-2-88, సోమవారం. డైరీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "ఉయ్యూరు. ఆర్కెస్ట్రాల పోటీ. పాడింది అమలమ్మ. నా మనసు మనసులో లేదు. తప్పు నాదే. ఎవరికీ చెప్పను." అంతే ఉంది. ఇది వదిలెయ్.

మీ అత్తయ్య కులాసా. డైరీలు నేను లాగేశాను కాబట్టి జాడీల కిందకి ఇటుకలు వెతుకుతోంది.

మావయ్య


పటమట
14 ఫిబ్రవరి 2024

బందరు బస్సు ఆపిన మావయ్యకి,

నీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. "మధ్యలో నిలబడండయ్యా" దగ్గర నసీమా మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వెనక నుంచి పాడిన పాట దగ్గర మా సౌండ్ ఇంజనీరు కుర్చీలోంచి జారాడు. వాడు అప్పటికప్పుడు ఒక పాటని కంప్యూటర్లో తిప్పి వేసి చూపించాడు. నిజంగానే కొత్త హిందీ పాటలా ఉంది. రోజంతా ఆఫీసులో అందరూ అదే కూనిరాగం. టీ తెచ్చే ఆయన కూడా.

మూడూ తీసుకుంటున్నాను. ఒక్కోదానికి నిమిషం చొప్పున మూడు నిమిషాలు. ఇంకో నిమిషం కావాలి. మావయ్యా, ఆ నాలుగోది నన్ను వదలడం లేదు. "నా మనసు మనసులో లేదు" అని రాసిన మనిషి నువ్వేనా అని అమ్మని అడిగాను. "మీ మావయ్య పెళ్లి శుభలేఖ మీద కూడా ఒక్క మంచి మాట రాయలేదు" అంది అమ్మ.

అమలమ్మ గారు ఎవరు? అత్తయ్యకి తెలుసా? ఇప్పుడు ఎక్కడ ఉంటారు? నేను చెడ్డగా అనుకోను. నాకు ఇరవై ఆరేళ్లు, ఇలాంటివి నాకు అర్థమవుతాయి.

నీ ముద్దుల,
భాను


పామర్రు
19-2-2024

భానుకి మావయ్య రాయునది.

నువ్వు చదివే రోజు కోసం ఏర్పాట్లు మొదలుపెట్టాను. పాత హారన్ ఒకటి దింపి చూస్తే అందులో పిచ్చుక గూడు. పిచ్చుకలు లేవులే, గూడే ఉంది. తీసి, తుడిచి, మేడ మీద సెంటరు వైపు తిప్పి కట్టాను. రేడియోకి, యాంప్లిఫయరుకి వైరు కలిపాను. నిన్న పరీక్షగా పెట్టి చూస్తే విజయవాడ వాతావరణం ఊరంతటికీ తెలిసిందట. నాకు వినపడకపోయినా పరవాలేదు, నా మేనకోడలి గొంతు పామర్రు వినాలి. మీ అత్తయ్య టీ కొట్టు నుంచి మిల్లు దాకా అందరికీ చెప్పి వచ్చింది.

ఇక అమలమ్మ సంగతి. నువ్వు అడిగావు కాబట్టి అబద్ధం రాయను. మీ అత్తయ్యకి తెలియదు. తెలిస్తే ఏమంటుందో నేను ఊహించలేను. ముప్పయ్యారేళ్లు కడుపులో పెట్టుకున్నాను. అమలమ్మ ఎక్కడుందో, ఉందో లేదో కూడా తెలియదు. ఒక్కసారి కనపడితే ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పాలని ఉంది. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇది రేడియోలో చెప్పే సంగతి కాదు. చెప్పక తప్పదంటే నీ ఇష్టం, పేరు మాత్రం చెప్పొద్దు.

చలికి ఉదయం పూట గొంతు బొంగురుపోతుంది. మిరియాల పాలు తాగు.

మావయ్య


గవర్నర్‌పేట
1 మార్చి 2024

మావయ్యా,

చదివాను. నిన్న ఎనిమిదిన్నరకి ఎర్ర లైటు వెలిగింది, ఐదు నిమిషాల తర్వాత లైటు ఆరింది. మధ్యలో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు కానీ, ఫోన్లు మాత్రం ఆగలేదు. గుడివాడ నుంచి ఒకాయన ఆ రోజు బందరు బస్సులో తనూ ఉన్నానని ఫోను చేశాడు. ఒకావిడ తన పెళ్లిలో కూడా పాట తిరగబడిందని, కాపురం మాత్రం సవ్యంగానే సాగిందని చెప్పింది. మేడం నా భుజం తట్టి, "నాలుగోది రాసింది నువ్వేనా" అన్నారు.

నాలుగోది ఎలా చదివానో రాస్తాను. "1988, ఫిబ్రవరి 29. ఉయ్యూరులో ఆర్కెస్ట్రాల పోటీ. స్టేజీ మీద అమలమ్మ పాడుతోంది. స్టేజీ పక్కన మైకు చూసుకునే యువకుడి మనసు మనసులో లేదు. ఆ మాట ఆయన ముప్పయ్యారేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, ఇంట్లోవాళ్లకి కూడా. అమలమ్మ గారూ, ఎక్కడున్నా వింటున్నారా? ఒక్కసారి ఎదురుపడి ఒక్క మాట చెప్పాలని ఆయన ఈ రోజుకీ ఎదురుచూస్తున్నారు." తర్వాత ఒక మంచి పాట.

నువ్వు చెప్పినట్టే నీ పేరు చెప్పలేదు. "పామర్రు సెంటర్లో నలభై ఏళ్లు మైక్ సెట్ నడిపిన ఒక పెద్దమనిషి" అన్నానంతే. ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

నిన్నటి నుంచి అత్తయ్యకి ఆరుసార్లు ఫోను చేశాను. ఎత్తడం లేదు. ఆనందంలో ఎక్కడో పెట్టి మర్చిపోయిందా?

గాల్లో తేలుతున్న నీ
భాను


పామర్రు
4-3-2024

భానుకి.

ఆశీర్వాదం సంగతి తర్వాత. నేను చెప్పొద్దన్నది ఆవిడ పేరు. నా పేరు కాదు.

పామర్రు సెంటర్లో నలభై ఏళ్లు మైక్ సెట్ నడిపిన పెద్దమనిషి ఎవరని ఈ ఊళ్లో ఒక్కడు కూడా అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆ మాట వచ్చిన హారన్ మా మేడ మీదే ఉంది.

ఆ సమయానికి నేను హారన్ పక్కనే ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాను. నాకేమీ వినపడలేదు. కింద రోడ్డు మీద జనం ఆగి, తలెత్తి నన్ను చూసి నవ్వుతున్నారు. నీ గొంతు బాగుందని నవ్వుతున్నారనుకుని నేను అందరికీ నమస్కారాలు పెట్టాను. టీ కొట్టు వాళ్లు ఈల వేశారు. వాళ్లకి చెయ్యి ఊపాను. కిందకి దిగి, "ఎలా చదివింది?" అని మీ అత్తయ్యని అడిగాను. ఆవిడ క్యాలెండరు చింపి వెనక రాసి చూపించింది. "ఆ అమలమ్మ మీకెవరు?"

ఆ రోజు నుంచి కాకరకాయ. కూర కాకరకాయ, పులుసు కాకరకాయ. బయటికెళితే నా మొహం చూసి వయసులో నా కంటే పెద్దవాళ్లు కూడా కన్ను కొడుతున్నారు.

నువ్వు అనుకున్నది కాదమ్మాయ్. ఇప్పుడు నిజం రాస్తున్నాను, చదువు.

అమలమ్మ ఆ రోజుల్లో మన వైపు ఆర్కెస్ట్రాల్లో బాగా పాడే పిల్ల. ఆ పోటీలో గెలిస్తే మద్రాసులో క్యాసెట్టుకి పాడిస్తారు. మధ్యాహ్నం మూడింటికి, మార్కెట్ యార్డులో. నేను యాంప్లిఫయరు దగ్గర కూర్చున్నాను. ఆవిడ మొదటి చరణం పూర్తి చేసింది. మూడో వరసలో చిలకపచ్చ ఓణీ వేసుకున్న ఒకమ్మాయి పాటతో పాటే పెదాలు కదుపుతోంది. ఒక్క మాట కూడా తప్పడం లేదు. ఇంకొంచెం బాగా కనపడుతుందని లేచాను. కాలికి వైరు తగిలి ఊడింది. మైకు పోయింది.

నేను వైరు వంక చూడలేదు. ఫ్యూజు చూశాను, హారన్లు చూశాను, జనరేటరు దగ్గరికి పరుగెత్తాను. ఐదు నిమిషాలు. అమలమ్మ స్టేజీ మీద నోరు తెరుచుకుని నిలబడింది. జనం కేకలు. ఆవిడ మైకు కింద పెట్టి దిగి వెళ్లిపోయింది. పోటీ పెట్టినవాళ్లు నన్ను నలుగురిలో తిట్టి పంపేశారు. అది నాకు న్యాయమే. కానీ ఆ తర్వాత అమలమ్మ ఏ స్టేజీ మీదా కనపడలేదు. మంచి గొంతు ఒకటి నా కాలు తగిలి ఆగిపోయింది. చెప్పాలనుకున్న ఒక్క మాట, క్షమించమని.

ఆ చిలకపచ్చ ఓణీ అమ్మాయి మీ అత్తయ్య. ఆర్నెల్లకి సంబంధం పంపించాను. ఎక్కడ చూశావని వాళ్లింట్లో అడిగితే బస్టాండులో అన్నాను. పోటీలో అంటే వైరు సంగతి వస్తుందని భయం. ఇప్పుడు ఉన్నట్టుండి "నేను చూసింది నిన్నే" అంటే మీ అత్తయ్య శివపార్వతి నమ్ముతుందా? కాకరకాయ తప్పించుకోవడానికి అల్లాననుకుంటుంది.

ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

మావయ్య


గవర్నర్‌పేట
7 మార్చి 2024

మావయ్యా, క్షమించు.

నీ ఉత్తరం చదివి బాత్రూములోకెళ్లి ఏడ్చాను, తర్వాత నువ్వు మేడ మీద నమస్కారాలు పెట్టడం తలుచుకుని అక్కడే నవ్వాను. బయట క్యూలో ఉన్నవాళ్లు తలుపు కొట్టారు. ప్రేమకథ అని నేనే తేల్చేసుకున్నాను. అడిగి తెలుసుకోలేదు. నసీమా మేడంకి అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "తప్పు మైకులో చదివాం కాబట్టి దిద్దుబాటు కూడా మైకులోనే చదవాలి. అయితే మీ మావయ్య ఒప్పుకుంటేనే వైరు సంగతి చెబుదాం" అన్నారు.

ఇంకా ఉంది. కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసు మెట్లెక్కి ఒక పెద్దావిడ వచ్చారు. తెల్ల చీర, చేతిలో గొడుగు, వెనక బొజ్జ ఉన్న ఒకాయన. "పాటల పంచాంగం చదివే అమ్మాయి ఎవరండీ?" అన్నారు. నేనే అన్నాను. "నేను అమలమ్మని" అన్నారు.

మావయ్యా, ఆవిడ పటమటలోనే ఉంటారు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల. గుంటూరులో నర్సుగా చేసి రిటైరయ్యారట. ఆ రోజు కూరగాయలు తరుగుతూ రేడియోలో తన పేరు విని దోసకాయ కింద పడేశారట. ఆ వెనకాయన ఆవిడ భర్త శౌరయ్య గారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "మా ఆవిడ మీద ఆ రోజుల్లోనే ఒకరికి ఇంత అభిమానం ఉండేదని నాకెవరూ చెప్పలేదండీ. చర్చిలో అందరికీ చెప్పాను" అన్నారు. నేను తల దించుకుని, "అది ప్రేమ కాదండీ, నేను తప్పుగా చదివాను" అన్నాను. శౌరయ్య గారు కుర్చీలో కూలబడ్డారు. "కాదా?" అన్నారు, నిజంగా నిరాశగా.

అమలమ్మ గారు మాత్రం నవ్వలేదు. "ఆ మైకాయన బతికే ఉన్నాడన్నమాట" అన్నారు. "ఉన్నారండీ." "నేను ఆయన్ని చూడాలి. ఆ రోజు సంగతి ఒకటి మా ఇద్దరి మధ్య తేలాలి." ఏంటని అడిగితే చెప్పలేదు. "ఆయనకే చెబుతాను" అన్నారు. నువ్వు రాసిందేదీ నేను నోరు జారి చెప్పలేదు.

మంచిగా చెప్పాలంటే గంభీరంగా ఉన్నారు. చెడ్డగా చెప్పాలంటే గొడుగు గట్టిగా పట్టుకున్నారు.

ముందు నువ్వు అత్తయ్యకి నిజం చెప్పు. నమ్మదేమోనని ఊరుకోకు.

భాను


పామర్రు
11-3-2024

చిరంజీవి భానుకి దీవెనలు. ఈసారి మనసారా.

చెప్పాను. ఎనభై ఎనిమిది డైరీ చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. ఆవిడ కాకరకాయ గింజలు తీస్తూ తలెత్తకుండా వింది. ఆఖర్న నా చెవి దగ్గరికొచ్చి, "ఓణీ చిలకపచ్చే. మరి జాకెట్టు?" అని అరిచింది. "మెరూన్ రంగు. ఎడం చేతికి గాజులు, కుడి చేతికి ఏమీ లేవు" అన్నాను. మీ అత్తయ్య కత్తిపీట పక్కకి నెట్టి మెట్ల మీద కూర్చుంది.

తర్వాత ఏమందో తెలుసా. "నేను ఆ ఏడాదంతా బస్టాండు మొహమే చూడలేదు. మా అక్క వెళ్లేది రోజూ, కాలేజీకి. మీరు బస్టాండులో అక్కని చూసి, పొరపాటున నన్ను చేసుకున్నారని ముప్పయ్యారేళ్లుగా అనుకుంటున్నాను."

ఎప్పుడూ ఎందుకు అడగలేదే అన్నాను. "అడిగితే అవునంటారని" అంది.

ఆవిడ కాసేపు నవ్వింది, కాసేపు కళ్లు తుడుచుకుంది, తర్వాత లేచి ఆ కాకరకాయలన్నీ పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. సాయంత్రం బీరకాయ పచ్చడి చేసింది. వీధిలో ఎవరు ఎదురైనా ఆపి, ఆ చిలకపచ్చ ఓణీ తనేనని ఇప్పుడు తనే చెబుతోంది. నన్ను చూసి కన్ను కొట్టినవాళ్లు ఇప్పుడు ఆవిడని చూసి దణ్ణం పెడుతున్నారు.

దిద్దుబాటు చదువు. నా పేరు పూర్తిగా చెప్పు. వైరు నా కాలికే తగిలిందని చెప్పు. అమలమ్మ గారినీ, శౌరయ్య గారినీ ఆదివారం భోజనానికి రమ్మన్నామని చెప్పు. గొడుగు తెస్తే తెచ్చుకోమను. దెబ్బ తినాల్సి ఉంటే తింటాను.

మావయ్య


గవర్నర్‌పేట
14 మార్చి 2024

మావయ్యకి, చిలకపచ్చ అత్తయ్యకి,

ఉదయం దిద్దుబాటు చదివాను. "గత నెల ఇరవై తొమ్మిదిన నేను చదివినదాంట్లో ఒక తప్పుంది, అది పూర్తిగా నాది" అని మొదలుపెట్టి, నీ పేరు, వైరు, ఓణీ, బస్టాండు అన్నీ చెప్పాను. బస్టాండు దగ్గర లైను తప్పి వేలితో వెతుక్కున్నాను. మేడం అద్దం అవతల నుంచి కానివ్వమని చెయ్యి ఊపారు. ఈసారి ఫోన్లు ఇంకా ఎక్కువ. ఒకాయన తన భార్యని ఎక్కడ చూశాడో నిజం చెప్పడానికి రేడియోలో టైం ఇస్తారా అని అడిగాడు.

సాయంత్రం మేడం పిలిచి, ఏప్రిల్ నుంచి పాటల పంచాంగం నన్నే చదవమన్నారు. తప్పు చదివినందుకేమీ అనరా అన్నాను. "దిద్దుబాటు దాచకుండా చదివావు కదా, అందుకే" అన్నారు. కిందకి దిగేటప్పుడు తోలు వాసన కూడా బాగుంది.

ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్లి, అటు నుంచి శౌరయ్య గారి కారులో వాళ్లిద్దరూ వస్తారు. పదకొండింటికల్లా చేరతారు. ఈస్టరుకి ముందు తపస్సు కాలమట, మాంసం తినరు, అత్తయ్యకి చెప్పు. నాకు ఆదివారం డ్యూటీ పడింది. రాలేను. ఒక్కటీ వదలకుండా రాయి, లేకపోతే నాకు నిద్ర పట్టదు.

నీ భాను


పామర్రు
18-3-2024

చిరంజీవి భానుకి మావయ్య రాయునది.

వాళ్లు పదకొండింటికి వచ్చారు. అమలమ్మ గారు కారు దిగారు, గొడుగు కారులోనే వదిలేశారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. వరండాలో మంచినీళ్లు ఇవ్వకముందే చేతులు జోడించి, "అమ్మా, ఆ రోజు వైరు ఊడగొట్టింది నేనే. మీ పాట నా వల్ల పోయింది" అన్నాను. రేడియోలో ఎంత చెప్పినా నా నోటితో చెప్పాలి కదా.

ఆవిడ ఏదో అన్నారు. నాకు వినపడలేదు. "గట్టిగా చెప్పాలి" అంది మీ అత్తయ్య. ఆవిడ గట్టిగా చెప్పారు, వీధంతా వినపడేలాగా. "నాకు రెండో చరణం గుర్తు రాలేదండీ."

"ఏంటమ్మా?"

"మర్చిపోయానండీ. మొదటి చరణం అయ్యాక తల ఖాళీ. వెనక వాయిద్యాలు వాయించేస్తున్నారు. నోరు తెరిచాను, ఒక్క మాట రాలేదు. సరిగ్గా అప్పుడే మైకు పోయింది. నేను పాడుతున్నట్టు పెదాలు ఆడించి, మైకు పోయిందని చేత్తో చూపించి దిగిపోయాను. దేవుడే వైరు లాగాడనుకున్నాను."

"దేవుడు కాదమ్మా, నేను" అన్నాను.

"మిమ్మల్ని అంతమంది తిడుతుంటే స్టేజీ వెనక నిలబడి చూశాను. పాట నాకే రాలేదని ఒక్క మాట చెబితే వాళ్లు ఆగేవాళ్లు. చెప్పలేదు. ఎక్కడ మైకు కనపడినా మీరే గుర్తొచ్చేవారు. నేనే మీకు క్షమాపణ చెప్పాలి." స్టేజీలు ఎందుకు మానేశారని అడిగాను. అప్పటికే నర్సు ఉద్యోగం ఆర్డరు వచ్చి ఆవిడ పర్సులో ఉందట. గెలిచినా ఓడినా అదే ఆఖరు స్టేజీ అనుకునే వచ్చారట. చర్చిలో మాత్రం ఒక్క ఆదివారం కూడా మానకుండా పాడుతూనే ఉన్నారట.

భానూ, ముప్పయ్యారేళ్లు నేను మోసిన బరువు బరువే కాదని తెలిస్తే తేలికగా ఉండాలి కదా. నాకు కోపం వచ్చింది. "అదేం కుదరదమ్మా, వైరు ఊడిన మాట నిజం, తప్పు నాది" అన్నాను. "చరణం రాని మాట కూడా నిజమేనండీ, తప్పు నాది" అన్నారు ఆవిడ. నాకు వినపడాలని ఆవిడ అరుస్తున్నారు, ఆవిడకి తగ్గట్టు నేనూ అరుస్తున్నాను. గోడ మీద నుంచి పక్కింటివాళ్లు చూస్తున్నారు. ఇద్దరిలో ఒక్కరం కూడా తగ్గలేదు. శౌరయ్య గారు లేచి, "ఇద్దరిదీ తప్పే. పప్పు చల్లారిపోతోంది" అన్నారు. అక్కడితో తీర్పు అయిపోయింది.

మామిడికాయ పప్పు, గుత్తొంకాయ, పెరుగు వడలు. శౌరయ్య గారు వడలు ఎన్ని తిన్నారో ఆయనకీ తెలియదు. భోజనాలయ్యాక మీ అత్తయ్య అడిగింది, ఆ పాట ఒకసారి పాడతారా అని. "ఇప్పటికీ రెండో చరణం రాదమ్మా" అన్నారు ఆవిడ. "నాకొచ్చు" అంది మీ అత్తయ్య.

నేను మైకు సిద్ధం చేశాను. వైరు తీసుకెళ్లి మేకుకి రెండు చుట్లు చుట్టి, దాని మీద ఇటుక పెట్టి, ఇటుక పక్కన శౌరయ్య గారిని కూర్చోబెట్టి కదలొద్దన్నాను. సాయంత్రం ఐదయింది. మేడ మీద అమలమ్మ గారు మైకు పట్టుకున్నారు. మొదటి చరణం ఆవిడే పాడారు. రెండో చరణానికి మీ అత్తయ్య వెళ్లి పక్కన నిలబడింది. ఇద్దరూ కలిసి పాడారు.

నాకు వినపడలేదు. పెదాలు కదలడం కనిపించింది. కింద చూస్తే, రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. దాని వెనక ఇంకోటి ఆగింది. టీ కొట్టు దగ్గర గ్లాసులు కడిగేవాడు చెయ్యి నీళ్లలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మిల్లు దగ్గర బస్తాలు దించేవాళ్లు బస్తా మోసుకునే నిలబడ్డారు. ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ హారన్ వైపే చూస్తున్నారు. పాట అయిందని వాళ్లు కదలడం చూసి తెలుసుకున్నాను.

మీ అత్తయ్య చెమట తుడుచుకుంటూ వచ్చింది. "ఎలా వచ్చింది?" అని అడిగాను. ఆవిడ నా చెవికి నోరు ఆనించి అరిచింది.

"మైకు బాగుంది."

నలభై ఏళ్లు ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని పోటీలు చేశానో. పాట బాగుందన్నారు, భోజనాలు బాగున్నాయన్నారు. మైకు పోతే మైకు పోయిందన్నారు. మైకు బాగుందన్న మాట ఇన్నేళ్లలో ఒక్కరి నోటా నేను వినలేదమ్మాయ్.

మావయ్య